బెంచీ మీద భోజనం

"ఆ ముసలావిడ మీద ఉన్న శ్రద్ధలో సగం మా అమ్మ మీద పెట్టినా బాగుండేది" అన్నాడు మా ఆయన, నేను మధ్యాహ్నానికి బాక్సు సర్దుకుంటుంటే.

"ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత" అని అత్తగారు వేడివేడిగా తింటూనే అందుకుంది.

నిజానికి నేను పెట్టేది నా వాటాలో సగమే. ఐదింటికి లేచి నలుగురికి వండి, అందరికీ వడ్డించి, మిగిలింది పొయ్యి దగ్గర నిలబడి మింగి ఆఫీసుకి పరిగెత్తుతాను. ఆఫీసు ఎదురుగా పార్కు గోడ పక్కనున్న బెంచీయే, నేను పెద్దమ్మా అని పిలిచే ఆ ముసలావిడకి ఇల్లు. ఒకప్పుడు హాస్టల్లో వంటమనిషి. చేతులు వణకడం మొదలయ్యాక పొమ్మన్నారట. రెండేళ్లుగా నా అన్నంలో సగం ఆవిడ డబ్బాలో వేసి వస్తున్నాను. "ఇవాళ ఉప్పు తగ్గింది, హడావుడి పడ్డావా అమ్మాయ్?" అంటుంది ఒక్కోసారి. మా ఇంట్లో ఉప్పు తగ్గితే కంచం అవతలికి జరుపుతారు, సరిపోతే అసలు మాటే ఉండదు. నా వంట గురించి నాతో మాట్లాడే మనిషి ఆవిడొక్కతే.

నేను నగరపాలక ఆఫీసులో టైపిస్టుని. సోమవారం మా ఆఫీసరు ఒక కాగితం నా బల్ల మీద పెట్టి, "అక్షరం తేడా రాకూడదమ్మా" అన్నాడు. అందులో ఉన్నదిది: బహిరంగ ప్రదేశాలలో అనుమతి లేకుండా నిరాశ్రయులకు ఆహారం పంచరాదు. నా వేళ్లు ఒక్కచోట కూడా ఆగలేదు. పైగా రెండు తప్పులు దిద్దాను కూడా. ఆ సాయంత్రం ఇంట్లో చెబితే మా ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "పీడా విరగడైంది. రేపు నీ ఉద్యోగం ఊడితే ఆవిడ పెడుతుందా మనకి?"

మూడు రోజులు వెనక గేటు నుంచి వెళ్లాను, వచ్చాను. బాక్సు తెరిస్తే ముద్ద దిగేది కాదు. నాలుగో రోజు మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక రోడ్డు దాటాను.

"జ్వరమేమో అనుకున్నాను" అంది పెద్దమ్మ.

"ఆ ఆర్డరు టైపు చేసింది నేనే, పెద్దమ్మా" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదని ఊరికే అన్నారా? నువ్వు కాకపోతే ఇంకొకరు తప్పులతో టైపు కొట్టేవాళ్లు. ముందు కూర్చో."

రెండేళ్లలో ఆ బెంచీ మీద నేనెప్పుడూ కూర్చోలేదు. అన్నం వేసి గడియారం చూసుకుంటూ వెళ్లిపోయేదాన్ని. ఆవిడ నా చేతిలోని బాక్సు తీసుకుని, వణికే చేతులతోనే, మెతుకు కింద పడకుండా సగం మూతలో తనకి పెట్టుకుంది. మిగతాది నా ఒళ్లో పెట్టింది. అప్పుడే పార్కు గార్డు వచ్చాడు.

"ఇక్కడ పంచకూడదు మేడమ్. పైనుంచి ఆర్డరు."

నా నోరు దానంతటదే పలికింది. "పంచడం లేదండీ, భోంచేస్తున్నాం."

"ఇద్దరూనా?"

"ఇద్దరమూ. కలిసి తినకూడదని అందులో ఎక్కడా లేదు. కావాలంటే చదివి వినిపిస్తాను."

అతను నన్నూ, పెద్దమ్మనూ, ముద్ద కలిపిన మా చేతుల్నీ మార్చి మార్చి చూశాడు. "సరే, చెత్త మాత్రం పడెయ్యకండి" అని చెట్టు నీడకి వెళ్లిపోయాడు. నాకు నవ్వొచ్చింది. ఆకలి కూడా వేసింది.

రెండో ముద్ద పెట్టుకుంటుండగా మా ఆయన ఫోను. "అమ్మ కళ్లజోడు కనబడట్లేదట. ఎక్కడ పెట్టావో ఆవిడకి ఫోన్ చేసి చెప్పు, అర్జెంటు."

"భోంచేస్తున్నాను" అన్నాను.

"ఒక్క నిమిషం పనే కదా!"

"అయ్యాక చేస్తాను."

ఫోను బ్యాగులో పడేసి, తన మూతలోంచి కూర ఇంకొంచెం వెయ్యమని పెద్దమ్మని అడిగాను. అడిగి పెట్టించుకోవడం, పెళ్లయ్యాక, అదే మొదటిసారి.