గుమ్మమునొద్ద కీర్తన

గాలివాన వెలిసి దినములు గడచినను గగనతలము ధూమ్రవర్ణజలదపటలావృతమై సూర్యదర్శనమునకు నోచుకొనక యుండ, కోతకు వచ్చిన వరిచేలు పంకిలజలమున శయనించి వెన్నులయందే మొలకలెత్తి కుళ్లువాసన వెదజల్లుచుండ, కృష్ణాతీరమందలి యా పల్లెకు కోతపండుగ ఆదివారము వచ్చెను.

అచ్చటి క్రైస్తవసంఘమున నొక యాచారము కలదు. పండుగనాడు జనులెల్లరు తొలిపంట చేతబట్టి మందిరద్వారమునొద్ద నిలువవలెను. దీనమ్మ కీర్తన యెత్తి మొదటి పాదము పాడవలెను. ఆమె పెనిమిటి యాకోబు రెండవ పాదము నందుకొనవలెను. అది ముగిసినగాని యెవ్వరును గడప దాటరు. వారికి పెండ్లియైన యేటినుండి ఈ పని వారిదే.

ఆ యేడు యాకోబు లేడు. గాలివాననాడు నీట మునుగుచున్న కోసిన పనలను గట్టుకు చేర్చబోయి కాలువకు గండిపడగా కొట్టుకొనిపోయెను. శవమైనను దొరకలేదు. అతని తల్లి సారమ్మ నాటినుండి యెవరితోను మాటాడుట మానెను.

తుంపరలో తడియుచు జనులు నిరీక్షించుచుండిరి. దీనమ్మ కీర్తన యెత్తలేదు. దుఃఖితులకు చెప్పుటకు ఎల్లప్పుడు నొక వాక్యము సిద్ధముగా నుంచుకొను ఉపదేశి పరంజ్యోతిగారు ఆమెను సమీపించిరి.

“అమ్మా, అందరును నీకొరకే నిలిచియున్నారు. దేవునికి స్తుతి చెల్లింపుము.”

“ఏం ఇచ్చాడని పాడమంటారండీ అయ్యగారూ? నా ఇంటి మనిషిని తీసుకుపోయాడు. మట్టి చేసుకుందామంటే ఒళ్లైనా దక్కనివ్వలేదు. నా నోట పాట రాదండి, నన్నొదిలెయ్యండి.”

ఇట్లు పలికి ఇల్లు చేరుటకై వెనుదిరిగిన దీనమ్మకు జనుల నడుమ అత్త సారమ్మ కనబడెను. ఆ వృద్ధురాలి చేతిలో నల్లబడి మొలకెత్తిన వరివెన్నులు గుప్పెడుండెను. కొడుకు ప్రాణము బలిగొన్న చేనిలోనివే యవి. ఒంటరిగా బురదలో దిగి యేరి తెచ్చినది. దీనమ్మ యిక నడువలేకపోయెను. మందిరద్వారమువైపు మరలి కీర్తన యెత్తెను.

“కృతజ్ఞతతో నీ గుమ్మము చేరితిమి దేవా...”

అలవాటుచొప్పున రెండవ పాదము కొరకు ఆగెను. అలవాటుచొప్పుననే జనులందరును వేచియుండిరి. “కొదువ లేదు మాకు నీ కరుణ నీడలో” యన్న యా పాదము యాకోబుది. చనిపోయినవాని పాదము నందుకొనుటకు ఎవ్వరికిని నోరాడలేదు.

అప్పుడు మాట మానిన సారమ్మ పాడెను. శ్రుతి లేదు, లయ లేదు, మాటలును పాతవి కావు.

“కొదువ ఉంది మాకు... నువ్వే చూడు తండ్రీ...”

ఆ పాదమును సరిదిద్దుటకు పరంజ్యోతిగారు సాహసింపలేదు. తలపాగ తీసి తల వంచిరి. దీనమ్మ అత్తగారి చేయి పట్టుకొని అదే పాదమును తానును పాడెను. పిమ్మట జనులందరును పాడిరి. లేనిదానిని లేదని దేవునియెదుట చెప్పుకొనినగాని ఉన్నదానికై ఆయనకు వందనము చెప్పుట ఆ దినమున వారికి సాధ్యము కాలేదు.

అత్తాకోడండ్రు ముందు నడువగా అందరును గడప దాటిరి. లోపల కానుకల బల్లపై పరచిన తెల్లనిగుడ్డమీద కుళ్లిన వెన్నులు బురదనీరు కార్చుచుండెను.