చెంగమ్మ వంటింట్లో బంగారు గని

నేను ఒక వేపకొయ్య పళ్ళేన్ని. అన్నం పెట్టుకునే పళ్ళెం అనుకునేరు, కాదు. నాలో మన్ను వేసి, నీళ్ళు పోసి, గుండ్రంగా తిప్పుతూ ఉంటే తేలికైన మన్ను అంచు మీంచి జారిపోతుంది, బరువైన బంగారం అడుగున నిలుస్తుంది. నిలుస్తుందని మనుషుల నమ్మకం. నేను చూసినంతలో నిలిచింది ఇసుకే.

నన్ను చెక్కించినవాడు గంగులప్ప ముత్తాత. పైడిగుంట కొండరాతిలో ఏదో మెరిసిందని ఎవరో అన్నారట. అంతే! సేద్యం వదిలేసి ఒకడు, మగ్గం వదిలేసి ఒకడు, అత్తారింటికి బయల్దేరి దారి మళ్ళి ఒకడు, మూటాముల్లె కట్టుకొని వచ్చి పడ్డారు. దొరలు వచ్చి యంత్రాలు దించారు, క్లబ్బు కట్టుకున్నారు. బంగారం దొరల సీమకు పోయింది, దగ్గు ఊళ్ళో మిగిలింది. దొరల తర్వాత మనవాళ్ళు వచ్చి బోర్డు మార్చారు. కొన్నాళ్ళకు రాళ్ళు తప్ప ఏమీ రావడం లేదని గని గేటుకు తాళం వేసి వాళ్ళూ పోయారు. ముత్తాత మాత్రం మంచాన పడేదాకా నన్ను తిప్పుతూనే ఉన్నాడు, పాపం.

ఇప్పుడు గంగులప్ప చేతిలో ఉన్నాను. ఇతగాడు నాలోంచి బంగారం తీయడు, నాలో వేస్తాడు. ఆదివారం ఆదివారం తిరుపతి నుంచి టూరు బస్సు వస్తుంది. జనం తాళం వేసిన గేటు చూస్తారు, పైకప్పు లేని క్లబ్బు చూస్తారు, దొరల సమాధుల మీద చెయ్యేసి ఫొటో దిగుతారు. చివరికి 'మీ చేతులతో మీరే బంగారం కడగండి' అని గంగులప్ప నన్ను తెస్తాడు. అంతకుముందే పాత్రల కొట్లో ఊడ్చి తెచ్చిన ఇత్తడి పొడి చిటికెడు నాలో చల్లి ఉంటాడు. అది మెరవగానే చదువుకున్నవాళ్ళు కూడా చిన్నపిల్లల్లా కేకలు పెడతారు. చిన్న గాజుబుడ్డిలో పోయించుకొని, దాన్ని మళ్ళీ దేవుడి పటం ముందు పెడతారట!

ఇసుక కోసం దూరం పోవడానికి గంగులప్పకు బద్ధకం. వంటింటి వెనక గోడ పక్కనే తవ్వేవాడు. భార్య చెంగమ్మ మొత్తుకునేది. "పునాది కాడ గడ్డపార వేయొద్దయ్యా, నీ కాళ్ళు మొక్కుతా" అని. ఆమె బాధ ఆమెది. కాపురానికి వచ్చిన నాటి నుంచి చూరు కింద, వానొస్తే గొడుగు పట్టుకొని వండిన మనిషి. ఈ వేసవిలోనే ఆ వంటింటికి నాలుగు గోడలు లేచాయి. ఆ గది అంటే ఆమెకు ప్రాణం. చెప్పులతో గడప దాటితే మొగుడని కూడా చూడదు.

మొన్నటి ఆదివారం బస్సులో దక్షిణామూర్తి గారని ఒక పెద్దమనిషి వచ్చాడు. ఏదో ఆఫీసులో హెడ్డు గుమాస్తాగా చేసి దిగినాయన. దారంతా వేరుశనగ పప్పుండలు నములుతూనే ఉన్నాడు. వంతు రాగానే నా మీదికి వంగాడు, పలుకు గొంతుకు అడ్డం పడింది, ఖళ్ళుమని దగ్గాడు. ఆ దగ్గుకు ఆయన దవడపన్నుకున్న బంగారు తొడుగు ఊడి నా బురదలో పడింది. ఆయనకు తెలియలేదు. వెనకున్నవాళ్ళకూ తెలియలేదు. నాకు తెలిసింది కానీ నా మాట వినేదెవరు?

గంగులప్ప నన్ను అందుకొని తిప్పాడు. బురద పోయింది. నమిలి నమిలి సొట్టపోయిన ముద్ద ఒకటి అడుగున తళుక్కుమంది. గంగులప్ప చెయ్యి ఆగిపోయింది. అటు తిరిగి దాన్ని పంటికింద పెట్టి కొరికి చూశాడు. ఒకరి నోట్లోంచి వచ్చింది ఇంకొకరి నోట్లోకి పోయింది, ఛీ ఛీ! కానీ అది నిజం బంగారమని అతనికి తెలిసిపోయింది.

"ఏమిటోయ్ అది?" అన్నాడు దక్షిణామూర్తి గారు.

"ఉత్త ఇత్తడి సార్, దీన్ని చూసే కొత్తోళ్ళు మోసపోతారు" అని గంగులప్ప జేబులో వేసుకున్నాడు.

ఇన్నేళ్ళూ ఇత్తడిని బంగారమన్నవాడు, బంగారం కనబడిన రోజున ఇత్తడి అన్నాడు. బస్సును భోజనాలకు పంపేసి, నన్ను చంకన పెట్టుకొని ఇంటికి పరిగెత్తాడు. ఈ కొండలో ఏమీ లేదని అందరికంటే బాగా తెలిసినవాడే!

చెంగమ్మ బిందెతో నీళ్ళకు పోయి ఉంది. అతను గడ్డపార తీసుకొని వంటింటి నేల పగలగొట్టాడు. ఇసుక ఆ గోడ కిందిదే కదా, బంగారపు చార గది కిందికి పోతోందని అతని లెక్క. మోకాళ్ళ లోతు దిగాడు, నడుం లోతు దిగాడు. వెనక గోడ ఒక్కసారి నిట్టూర్చి, అటక మీది డబ్బాలతో సహా కూలిపోయింది.

చెంగమ్మ వచ్చి చూసింది. బిందె జారి పడింది. "అయ్యో నా వంటిల్లు! ఎవురికి చెప్పుకుందును రా దేవుడా! ఏం పొయ్యేకాలం వచ్చిందయ్యా నీకు?"

"అరవమాకే! మన కష్టాలు తీరిపోయినాయి. ఇదిగో చూడు" అని గుంటలోంచే చెయ్యి చాపాడు.

సరిగ్గా అప్పుడే బస్సు తిరిగి వచ్చి వాకిట్లో ఆగింది. పులిహోరలో మిరపకాయ కొరికితే పన్ను జివ్వుమందట దక్షిణామూర్తి గారికి. నాలుకతో తడిమి చూసుకొని లబోదిబోమన్నాడట. నా అడుగున మెరిసిందేమిటో అప్పుడు తట్టిందట. బస్సు జనమంతా దిగి గుంట చుట్టూ మూగారు. ఆయన గంగులప్ప చేతిలోని ముద్దను లాక్కొని, చొక్కాకు తుడుచుకొని, నోరు తెరిచి పంటి మీద నొక్కాడు. కొంచెం వంకరగానైనా కూర్చుంది. అందరూ ఆయన నోట్లోకి తొంగి చూశారు.

చూశాక సిగ్గుపడి పోతారనుకున్నాను. ఇద్దరు ముగ్గురు గుంట అంచున మట్టి గుప్పెడు గుప్పెడు రుమాళ్ళలో కట్టుకున్నారు. 'ఏమో, ఎవరు చూశారు' అని ఒకావిడ కూలిన గోడ పెళ్ళ కూడా సంచిలో వేసుకుంది. డ్రైవరు హారను కొట్టీ కొట్టీ వాళ్ళను ఎక్కించుకొని పోయాడు.

గుంటలో గంగులప్ప, గట్టు మీద చెంగమ్మ మిగిలారు.  గంగులప్ప గొంతు సవరించుకున్నాడు.

"పన్ను ఆయనదే, కాదనను. ఇంకొక్క మూర తవ్వి చూద్దామా?"

చెంగమ్మ ఏడుపు ఆపేసింది. నన్ను ఎత్తి బండకేసి కొట్టింది. రెండు చెక్కలయ్యాను. వాకిట్లో మూడు రాళ్ళు పెట్టి, ఎసరు పెట్టి, నన్ను కిందికి తోసింది. నాకు కోపం రాలేదు. ఆమె వైపే ఉన్నాను. ఈ నాలుగు మాటలూ పొయ్యిలోంచే చెబుతున్నాను.

గంగులప్ప పైకి వచ్చి పొయ్యి పక్కన చతికిలబడ్డాడు. మంటకేసి అదే పనిగా చూశాడు. బంగారు పొడి పట్టిన కంసాలుల పాత పీటలు కొనుక్కొని, కాల్చి, బూడిద కడిగి రవ్వలు ఏరడం గంగులప్ప ఇంటి పని ఒకప్పుడు.

"గోడ లేచేదాకా నీకు ఈ ఇంట్లో అన్నం లేదు" అంది చెంగమ్మ.

"కడతానే తల్లీ, రేపే కడతా. ఆ బూడిద మాత్రం పారబొయ్యమాక. ఎన్నేళ్ళ పళ్ళెం అది, ఎంతోకొంత పీల్చుకొని ఉండదా?"

చెంగమ్మ నా మొదటి బూడిదను కట్టెతో ఇవతలికి లాగింది, చల్లారనిచ్చింది, పీచు ముంచి మసిగిన్నె తోమడం మొదలుపెట్టింది.