పశువుల ఆసుపత్రి వెనక గది

మార్లిస్ ఓస్ట్‌బీ కౌన్సిలింగ్ ఆఫీసు తెరిచిన ఆ చలికాలమంతా ఈగలు తోలుకుంటూ కూర్చుంది. మాట వరసకి అన్నాను, మాంటానా చలిలో తోలడానికి ఈగలైనా ఉండవు. ఒక కిటికీ, రెండు కుర్చీలు, కళ్ళు తుడుచుకోవడానికి పెట్టిన కాగితపు రుమాళ్ళ డబ్బా, ఎదురుగా ఎవరూ లేని మార్లిస్.

తప్పు ఆమెది కాదు, ఆఫీసుది. మానసిక ఆరోగ్య కేంద్రం వాళ్ళు మా డన్నింగ్ ఊళ్ళో అద్దెకు తీసుకున్న గది సరిగ్గా కాఫీ హోటలుకి ఎదురుగా ఉంది. మా దగ్గర మనిషిని మొహం చూసి కాదు, పికప్ బండి చూసి గుర్తుపడతారు. పొద్దున్నే హోటల్లో కూర్చున్న ముసలాళ్ళకి వేరే పనేముంది? "ఏంట్రా, వాడి బండి అక్కడ ఆగింది? పెళ్ళాం వదిలేసిందా, మతి పోయిందా?" అని అడగడానికి నోళ్ళు సిద్ధంగా ఉండేవి. అందుకే ఒక్క బండీ ఆగలేదు.

మార్లిస్ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. అంతకుముందు ఆమె షెరీఫ్ ఆఫీసులో అత్యవసర ఫోన్లు తీసేది. అంటుకున్న గడ్డివాములు, బోల్తాపడ్డ ట్రాక్టర్లు, దారిలోనే వచ్చిన పురిటి నొప్పులు. వాటి మధ్యలో ఇంకో రకం ఫోన్లు. "మా నాన్న కొట్టంలోకెళ్ళి ఇంకా రాలేదు, గోడ మీద తుపాకీ లేదు" అనేవి. ఆమె పోలీసు బండిని పంపేది. బండి చేరేదాకా ఆ పిల్లతోనో, ఆ తల్లితోనో మాట్లాడుతూ ఉండేది. బండి చేరగానే ఫోను పెట్టేసేవాళ్ళు. లోపల ఏం జరిగిందో మర్నాడు అందరితోపాటు ఆమెకూ తెలిసేది.

"అంతా అయిపోయాకే నన్ను పిలుస్తున్నారు. కాస్త ముందు పిలిస్తే ఏం పోయింది?" అని ఒకరోజు కూతురితో అందట. ఆ ఏడే ఉద్యోగం చేస్తూ కౌన్సిలింగ్ చదువు మొదలుపెట్టింది. నలభై దాటాక పుస్తకం పట్టడం తేలికేం కాదు.

పట్టా చేతికొచ్చాక తెలిసింది, అసలు దారి అక్కడే మొదలని. లైసెన్సు ఇవ్వాలంటే రాష్ట్రానికి మూడు వేల గంటల పని కావాలి. అందులో సగం మనిషికెదురుగా కూర్చుని మాట్లాడినవే కావాలి. ఆ పనంతా లైసెన్సున్న పెద్దవాళ్ళు ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఆ పైన పరీక్ష, వేలిముద్రలు, పాత చరిత్ర తవ్వడాలు. మిగతావాటికి మార్లిస్ భయపడలేదు. మనుషులు రాకపోతే గంటలు ఎక్కణ్ణుంచి వస్తాయి?

ఆమె పని చూసే సూపర్‌వైజర్ పేరు రెనాటా క్విన్. గ్రేట్ ఫాల్స్‌లో ఉంటుంది. వారానికోసారి కంప్యూటరు తెరమీద కనిపించేది. నవ్వు తక్కువ, సూటి మాట ఎక్కువ.

"ఈ వారం ఎంతమంది వచ్చారు?"

"పోస్టు మనిషి వచ్చాడండి."

"ఏం మాట్లాడాడు?"

"ఉత్తరాలు తప్పు గుమ్మంలో వేశానన్నాడు."

రెనాటా నవ్వలేదు. "చూడు మార్లిస్, కుర్చీతో మాట్లాడింది లెక్కలోకి రాదు. ఎండాకాలం దాకా చూసి ఈ ఆఫీసు ఎత్తేస్తామంటున్నారు పైవాళ్ళు. వాళ్ళు నీ దగ్గరికి రావడం లేదంటే, వాళ్ళు ఎక్కడికి వెళ్తున్నారో చూడు."

ఎక్కడికి వెళ్తారో నన్నడిగితే నేను చెప్పేదాన్ని. పశువుల డాక్టరు గార్త్ లిండెల్ దగ్గర ముందు గదిలో ఫోన్లు తీసే పని నాది. ఆవులు ఈనే కాలంలో మా ముంగిట బండ్లు నిలపడానికి చోటుండదు. ఆ వసంతంలో మార్లిస్ తన పిల్లికి సూది వేయించడానికి వచ్చి, పిల్లిబుట్ట ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. జిల్లాలోని పశువుల రైతుల బండ్లన్నీ అక్కడే ఉన్నాయి. మనుషులు గంటలు గంటలు ఎదురుచూస్తున్నారు. ఎవరూ ఎవర్నీ "ఎందుకొచ్చావ్" అనడం లేదు.

గార్త్ బయటికి రాగానే అడిగేసింది. "డాక్టర్‌గారూ, వెనకాల ఆ గది ఖాళీగా ఉందా?"

"ఉంది. గొర్రెల మందు డబ్బాలున్నాయి. ఏం, పిల్లికి గది కావాలా?"

"నాక్కావాలి. ఆఫీసుకి."

గార్త్ చేతులు తుడుచుకుంటూ ఆమెకేసి చూశాడు. "ఇక్కడ రోజంతా దూడలు అరుస్తాయి. వాసన సంగతి నీకు తెలుసు. నీ దగ్గర ఏడవడానికి వచ్చినవాళ్ళు పేడ తొక్కి లోపలికి రావాలి."

"వాళ్ళు పుట్టిందగ్గర్నుంచీ తొక్కుతున్నదే కదా."

రెనాటా స్వయంగా కారేసుకుని వచ్చి చూసింది. తలుపు మూసి నన్ను లోపల కూర్చోబెట్టి మాట్లాడమంది, తను బయట చెవి ఆనించింది. "వినిపిస్తోంది" అని గోడకి దళసరి పలకలు కొట్టించింది. విడిగా గుమ్మం, తాళమేసే బీరువా, ఎవరొచ్చారో నేను ఎక్కడా నోరెత్తకూడదన్న ప్రమాణం. "నీ నోటి మీద నాకు నమ్మకం లేదు, లినెట్" అన్నాడు గార్త్. ఇప్పటిదాకా ఆ ప్రమాణం తప్పలేదు. ఇది చదివి ఎవరూ తమ పేరుకోసం వెతుక్కోనక్కర్లేదు.

మొదట వచ్చింది ఒక పెద్దాయన. తెల్లమీసాలు, వెంట ఒక కుక్క. చూడ్డానికి గుండ్రాయిలా ఉంది కుక్క. "దీనికి ఒంట్లో బాగాలేదు" అన్నాడు. అంటూనే వెనక తలుపుకేసి చూశాడు. నేను తల ఊపాను. గంట తర్వాత ఆ తలుపులోంచి బయటికొచ్చాడు, కళ్ళు ఎర్రగా. గార్త్ దగ్గరికెళ్ళి గొంతు తగ్గించి, "దీనికి ఏదో ఒకటి ఇవ్వవయ్యా. ఊరికే వచ్చానంటే బాగోదు" అన్నాడు. గార్త్ నులిపురుగుల మాత్ర ఇచ్చి పంపాడు.

ఆ తర్వాత ఒకరి వెంట ఒకరు. భార్య పోయినవాడు, తాగుడు మానలేనివాడు, కొడుకుతో ఏళ్ళ తరబడి మాటల్లేనివాడు. తర్వాత ఆడవాళ్ళూ మొదలుపెట్టారు. "ఈ ఊళ్ళో ఇంత ఆరోగ్యంగా ఉన్న కుక్కలకి ఇన్ని జబ్బులు నా సర్వీసులో చూడలేదు" అని గార్త్ మాత్రల డబ్బా తిరగేస్తూ విసుక్కునేవాడు. విసుగు పైకే. దూడలకి సూదులు వేసే పని మాత్రం వెనక గుమ్మానికి దూరంగా మార్పించాడు.

ఇక ఆర్డెన్ ట్వెయిట్. ఈయన పేరు దాచనక్కర్లేదు, ఆయనే దాచుకోలేదు కాబట్టి.

మార్లిస్ పొలానికీ ఆయన పొలానికీ మధ్య ఒక్క కంచె. దూడలకి కాల్చిన కడ్డీలతో ముద్రలు వేసే రోజుల్లో వాళ్ళు వీళ్ళకీ వీళ్ళు వాళ్ళకీ సాయం పోతారు. ఆయన భార్య కోలీన్ దగ్గరే మార్లిస్ కూతురు పియానో నేర్చుకుంది. వెనక గది తెరిచిన రెండో ఏడు వానల్లేవు. ఎండుగడ్డి కొనే స్థోమత లేక, ఆర్డెన్ తాత కాలం నుంచి వస్తున్న మందని సగానికి పైగా అమ్మేశాడు. ఆకురాలు కాలంలో ఒక మధ్యాహ్నం కుక్కతో వచ్చి నిలబడ్డాడు. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని. నన్ను చూసి నవ్వాడు కూడా.

లోపల ఏం జరిగిందో తర్వాత ఆయనే చెప్పాడు.

కూర్చోగానే మార్లిస్ కంగారుపడింది. "ఆర్డెన్, నేను నీకు కౌన్సిలర్‌గా ఉండకూడదు. ఇరుగుపొరుగువాళ్ళం, రూలు ఒప్పుకోదు. గ్రేట్ ఫాల్స్‌లో మంచివాళ్ళున్నారు, నంబరిస్తాను" అంది గబగబా.

"సరేలే. నీకెందుకు ఇబ్బంది" అని లేచి టోపీ పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "ఈ కుక్కని ఇక్కడే వదిలిపోతున్నా. గార్త్‌తో చెప్పు, ఎవరైనా మంచివాళ్ళకి ఇమ్మను. దీనికి కోళ్ళంటే పడదు, అదొక్కటే."

ఆ మాటతో మార్లిస్‌కి ఫోన్లు తీసిన ఏళ్ళన్నీ ఒక్కసారి చెవిలో మోగాయి. లేచి వెళ్ళి ఆయనకీ తలుపుకీ మధ్య నిలబడింది.

"ఆర్డెన్. చచ్చిపోదామనుకుంటున్నావా?"

ఆయన టోపీ సర్దుకున్నాడు. "అలా అడుగుతారా మనిషిని?"

"అడుగుతారు. నేను అడుగుతున్నా."

బయట దూడ అరుస్తోంది. చివరికి, "తుపాకీ బండిలో ఉంది" అన్నాడు. "ఇంటికెళ్ళే దారిలో వాగు దగ్గర ఆపుదామనుకున్నా. కోలీన్ చర్చి పనికి పొరుగూరు వెళ్ళింది. ఆమె చూడకుండా అయిపోతుంది కదా అని."

"కూర్చో."

"కూడదన్నావుగా."

"కౌన్సిలర్‌గా కూడదన్నాను. నీ కంచె అవతలిదాన్ని. కూర్చో."

కూర్చున్నాడు. మార్లిస్ కూడా కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. చదువులో నేర్చుకున్నదేదీ గుర్తుకు రాలేదట ఆమెకి. అమ్మిన ఆవుల గురించి అడిగింది. ఆయన ఒక్కోదాన్నీ వర్ణించాడు. ఏది మొండిది, ఏది కవలల్ని ఈనింది, ఏది లారీ ఎక్కేటప్పుడు వెనక్కి తిరిగి చూసింది. ఆ వెనక్కి తిరిగిన ఆవు దగ్గర మాట ఆగిపోయి, మొహానికి టోపీ అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

కాస్త నెమ్మదించాక అడిగింది. "తుపాకీ గార్త్ దగ్గర పెట్టిస్తాను. ఒప్పుకుంటావా?"

"అతనికి తెలియాలా?"

"తుపాకీ అంటే అతనికి అర్థమవుతుంది. అంతకుమించి నేను చెప్పను. కోలీన్‌కి మాత్రం నువ్వే చెప్పాలి. నేను పక్కన ఉంటాను."

తల ఊపాడు. గార్త్ ఒక్క ప్రశ్న వేయకుండా వెళ్ళి, బండిలోంచి తుపాకీ తీసుకొచ్చి, గుర్రాల మత్తుమందులుండే ఇనప్పెట్టెలో పెట్టి తాళమేశాడు. తాళంచెవి తన జేబులో వేసుకుని, నాతో, "లినెట్, ఇవాళ్టి వాళ్ళందర్నీ రేపు రమ్మను. కాఫీ పెట్టు" అన్నాడు.

మార్లిస్ రెనాటాకి ఫోన్ చేసింది. రెనాటా తన పనులన్నీ ఆపేసి తెరమీదికొచ్చింది. అప్పుడు మార్లిస్ ఆ గదిలోంచి బయటికి వచ్చేసింది, ఎందుకంటే అక్కడినుంచి ఆర్డెన్‌కి కౌన్సిలర్ రెనాటాయే. మార్లిస్ మా ముందు గదిలో బెంచీ మీద కూర్చుంది. ఆర్డెన్ కుక్క వచ్చి ఆమె కాళ్ళ దగ్గర పడుకుంది. సాయంత్రానికి కోలీన్ వచ్చింది. మొగుడూ పెళ్ళాం వెనక గదిలో ఏం మాట్లాడుకున్నారో అది వాళ్ళది. వెళ్ళేటప్పుడు బండి కోలీన్ నడిపింది. కుక్క ఇద్దరి మధ్యా కూర్చుని వెళ్ళింది.

మర్నాడు తెరముందు మార్లిస్ తలొంచుకుని కూర్చుంది. "నా లైసెన్సు సంగతి ఇంతేనా అండీ? కూడని మనిషితో కూర్చున్నాను."

"ఆ గంట లెక్కలో వేయకు" అంది రెనాటా. "అది నువ్వు పొరుగుదానిగా కూర్చున్న గంట. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మనిషిని నిలబెట్టి, సరైన చేతుల్లో పెట్టావు. దానికి ఎవరూ నిన్ను తప్పుపట్టరు. అడిగితే నేను చెప్తాను."

మార్లిస్ ఊపిరి పీల్చుకుంది.

"కానీ ఒకటి విను. ఆయన లోపలికి రాగానే నువ్వు ముందు చూసింది రూలుని, ఆయన్ని కాదు. గడ్డం గీసుకుని ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు, నవ్వుతూ వచ్చాడు. ఎన్నాళ్ళుగానో కుంగిపోయిన మనిషి హఠాత్తుగా తేలిగ్గా కనిపిస్తే ఏంటి అర్థం? కుక్క మాట ఆయన అనకపోయి ఉంటే?"

మార్లిస్ కాగితం తీసి ఆ మాట రాసుకుంది.

"రూలు చెప్పాల్సిందే. ముందు మొహం చూడు, తర్వాత చెప్పు. ఇంకెప్పుడూ మర్చిపోవు, నాకు తెలుసు" అని రెనాటా మొదటిసారి మెత్తగా నవ్వింది. "సరే, ఇప్పుడు నీ సంగతి చెప్పు. నిన్న నిద్రపట్టిందా?" ఆ అడగడంతో మార్లిస్ భోరున ఏడ్చిందట. కౌన్సిలర్‌కి కూడా కాగితపు రుమాళ్ళు కావాలి మరి.

ఆ చలికాలం ఆమె పరీక్షకి చదివింది. మధ్యాహ్నం రొట్టె తింటూ నాచేత ప్రశ్నలు అడిగించుకునేది. నాకు సగం మాటలు పలకడమే వచ్చేవి కావు. గార్త్ లోపల్నుంచి తప్పు జవాబులు అరిచేవాడు. "డాక్టర్‌గారూ, మీ జవాబు వింటే మనుషులకి కూడా నులిపురుగుల మాత్రే ఇవ్వాలి" అనేది మార్లిస్. గ్రేట్ ఫాల్స్‌లో పరీక్ష రాసి, మంచు దారిలో ఒక్కతే తిరిగొచ్చి, పాసయ్యానన్న మాట ముందు ఒక జబ్బు మేకతో ఉన్న ఆవిడకి చెప్పింది, గుమ్మంలో ఎదురుపడింది ఆవిడే కాబట్టి. గంటలు పూర్తయ్యాయి. రెనాటా సంతకాలు చేసింది. వసంతంలో రాష్ట్ర బోర్డు నుంచి లైసెన్సు వచ్చింది. మార్లిస్ దాన్ని పట్టుకుని వెనక గదిలో తలుపేసుకుని కాసేపు ఒంటరిగా ఉంది. మేమెవరం తట్టలేదు.

దూడలకి ముద్రలు వేసే రోజు ట్వెయిట్‌ల పొలంలో ఇరుగుపొరుగంతా చేరాం. మంద చిన్నదే, కానీ ఆ ఏడు గడ్డి మోకాలెత్తు పెరిగింది. పనయ్యాక మగాళ్ళు కంచెకి ఆనుకుని చల్లటి బీర్లు తాగుతున్నారు. పక్క పొలం కుర్రాడు డేల్, "ఆర్డెన్, మంగళవారం మా దగ్గర ముద్రలు. గుర్రం తెచ్చుకుని రా" అన్నాడు.

"మంగళవారం మధ్యాహ్నం కుదరదు" అన్నాడు ఆర్డెన్. "రెనాటాతో మాట్లాడే రోజు. నా కౌన్సిలర్. పోయినేడు చచ్చిపోదామనుకున్నా, ఆవిడ దగ్గరికి వెళ్తున్నా. పొద్దున్నయితే వస్తాను."

కోలీన్ చేతిలో బంగాళాదుంపల గిన్నె అలాగే ఉండిపోయింది. మార్లిస్ నేలకేసి చూస్తోంది.

అక్కడున్న ఒక పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఎలాంటిదావిడ?"

"మొండి మనిషి" అన్నాడు ఆర్డెన్. "అబద్ధం చెప్తే పట్టేస్తుంది."

పెద్దాయన తల పంకించి, బీరు ఒక గుక్క తాగాడు. డేల్, "అయితే పొద్దున్నే మొదలుపెడదాం" అన్నాడు. "నువ్వొచ్చేసరికి ముద్ర కడ్డీలు ఎర్రగా కాల్చి ఉంచుతాను."