పాటకు ముందు మాటలు

నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సెక్కి కూర్చున్నాక అరుణకుమారి చేతిసంచి తెరిచి చూసుకుంది. క్యాసెట్ ఉంది. శిరివెళ్ల దాటాక మళ్లీ చూసుకుంది. ఉంది. కండక్టరు ఆధార్ కార్డు చూసి ఉచితంగా ఇచ్చిన సున్నా టికెట్టు మాత్రం కనిపించలేదు. సంచంతా వెతికి, చివరికి అది తన గుప్పెట్లోనే ఉందని తెలుసుకుంది. చెమటకు మెత్తబడి ఉంది.

క్యాసెట్ ఆమె చెల్లెలు లూదియాది. లూదియా చిన్న ప్రైవేటు బడిలో టీచరు. పెళ్లి చేసుకోలేదు. చర్చిలో ఆడవాళ్లకు పాటలు నేర్పేది, తనే రాసేది, తనే బాణీ కట్టేది. ఒక వేసవిలో ఆ పాటలన్నీ కర్నూలులో రికార్డు చేయించి తమ ఊరి ఏటిని తలుచుకుని ‘కుందూ ఒడ్డున’ అని పేరు పెట్టి క్యాసెట్ తెచ్చింది. ఆమె గొంతు పైస్థాయికి అందడం లేదని స్టూడియో ఆయన హైదరాబాదు నుంచి ఒకామెను పిలిపించి పాడించాడు. లూదియా ఏమీ నొచ్చుకోలేదు. ప్రతి పాటకూ ముందు, ఆ పాట ఎట్లా పుట్టిందో తను రెండు మాటలు చెప్పింది. అంతే ఆమె గొంతు.

అరుణకుమారికి కావలసింది ఆ రెండు మాటలే.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు లూదియాను నంద్యాల నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అంబులెన్సు తలుపు వేసే ముందు “చేరినాక ఫోన్ చేస్తా అక్కా” అంది. ఆ ఫోను రాలేదు. మనిషి రాలేదు. అక్కచెల్లెళ్లు ఒకరికొకరు పంపుకున్న మాటలన్నీ ఉన్న ఆ సెల్‌ఫోను కూడా ఆసుపత్రిలోనే ఎక్కడో పోయింది. అరుణకుమారి ఏడవలేదు. ఏడుపు రాలేదని కూడా ఆమెకు పట్టలేదు. అన్నం వండుకుంది, తిన్నది, గిన్నెలు తోముకుంది. గ్యాసు కట్టేశానా లేదా అని లేచి లేచి చూసుకుంది. సంవత్సరాలు అట్లాగే పోయాయి.

ఈ మధ్య ఒకనాడు మాత్రం ఒక సంగతి గమనించింది. లూదియా అన్న మాటలన్నీ గుర్తున్నాయి, కానీ అవి తన గొంతుతోనే వినిపిస్తున్నాయి. లూదియా గొంతు ఎట్లా ఉండేదో ఎంత కూర్చుని తలుచుకున్నా రావడం లేదు. బీరువాలో దుప్పట్ల మధ్య క్యాసెట్ ఉంది. టేప్‌రికార్డరు ఎప్పుడో పాతసామాన్లవాడికి పోయింది.

అప్పుడే పక్కింటి టైలరు ప్రసన్న ఆమె ఫోనులో ఒక చానెల్ పెట్టి ఇచ్చింది. “ఒక్కదానివే ఉంటావు, ఇది ఇను పెద్దమ్మా. ఆళ్లగడ్డ పిల్లోడు. ఎవరికీ తెలియని పాటలు తెచ్చి చెప్తాడు.”

ఆ పిల్లవాడి పేరు మహేశ్వర్. శిల్పం చెక్కుతాడు. ఆదివారం ఆదివారం ఒక ఆల్బమ్ తెచ్చి వినమని చెప్తాడు. సినిమా పాట ఒక్కటీ ఉండదు. నల్లమలలో భ్రమరాంబిక అనే చెంచు ఆమె తేనె తీసేటప్పటి పాటలు అన్నీ ఒకచోట చేర్చిందట, పాట వెనకాల గాలి కూడా పాడుతుందట. డోన్ రైల్వే క్వార్టర్లలోని కుర్రాళ్లు నీళ్ల ట్యాంకరు మీద, రాని రైలు మీద గడగడా చదివేసే ర్యాప్ ఆల్బమ్ ఒకటి. బెలుం గుహల దగ్గర గైడు పని చేసే ఒకాయన జనం వెళ్లిపోయాక లోపల కూర్చుని ఊదిన పిల్లనగ్రోవి ఒకటి. ఒక్క చర్చి పాటలు తప్ప ఏవీ ఎరగని అరుణకుమారి అన్నీ విన్నది. నచ్చాయో లేదో ఆమెకే తెలియదు. అతను మాట్లాడుతుంటే ఇంట్లో ఎవరో ఉన్నట్టు ఉండేది. పాట రాగానే లేచి పొయ్యి చూసుకోవడానికి పోయేది.

ఒకసారి అతని వెనకాల బల్ల మీద క్యాసెట్లు వేసే డెక్కు కనిపించింది. డోన్‌లో మైక్‌సెట్టు వాళ్ల దగ్గర కొన్నానని చెప్పాడు. ఆ వారమంతా ఆమెకు అదే ధ్యాస అయింది. ఉత్త గొంతు వినిపించమంటే ఎవరు పట్టించుకుంటారు? మంచి ఆల్బమ్ ఉందని చెప్పాలి. నంద్యాల టీచరమ్మ ఆల్బమ్ ఒకటి ఉందని ప్రసన్న చేత అతనికి ఫోను చేయించింది. తీసుకురమ్మన్నాడు.

ఆళ్లగడ్డలో దిగాక ఆమెకు దారి అడిగే పని పడలేదు. రాయి కోసే గ్రైండర్ల మోత ఎటు వినిపిస్తే అటు నడిచింది. రేకుల షెడ్డు ముందు తల లేని అమ్మవారు, పక్కన ఇంకా ముఖం రాని ఎవరో పెద్దమనిషి నల్లరాతిలో నిలబడి ఉన్నారు. తెల్లటి దుమ్ములోంచి ఒక మనిషి లేచి వచ్చి మూతికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగాడు. మహేశ్వరే.

“నువ్వేనా నంద్యాల అవ్వవు? కూర్చో. ఆడ కాదు, ఆడ దుమ్ము. ఈడ కూర్చో.”

“ఈడ కూడా దుమ్మే కదప్పా.”

“ఈడ కొంచెం మర్యాదస్తుల దుమ్ము లే అవ్వా.” నవ్వి చెయ్యి చాచాడు. “ఏదీ, సూపీ.”

ఆమె క్యాసెట్ చుట్టిన జేబురుమాలు మడతలు విప్పింది. పైనుండే అట్ట చెమ్మకు ఎప్పుడో చీకిపోయింది. డబ్బా, క్యాసెట్ మిగిలాయి.

“ఎవరిదీ ఆల్బమ్?”

“మా చెల్లెలిది.”

“పేరు?”

“లూదియా.”

“ఉండాదా?”

“లేదప్పా.”

అతను తల ఊపాడు. ఇంకేమీ అడగలేదు. ఆమె చెప్పవలసింది అప్పుడే. పాడింది ఆమె కాదు, మాటలే ఆమెవి, నేను వచ్చింది ఆ మాటల కోసం అని. గ్రైండరు మళ్లీ మొదలైంది. అరిచి చెప్పవలసిన మాట కాదు అది.

“ఒకతూరి ఇప్పుడే యెయ్యవా?” అని మాత్రం అంది.

“కరెంటంతా మిషన్లకే పాయె. ఈ మోతలో ఏం ఇనపడ్తాది? ఇడ్సిపెట్టి పో. నెమ్మదిగా ఇంటా. కంప్యూటర్లోకి ఎక్కించినాక ఫోన్ చేస్తా అవ్వా.”

ఆమె క్యాసెట్ వదల్లేదు. అతను పట్టుకున్నాడు, ఆమె పట్టుకునే ఉంది.

“బద్రం నాయనా. ఇంగొకటి లేదు.”

అతను పక్కనున్న విగ్రహం వైపు చూపించాడు. “ఈ స్వామిని సూడు, రొండు నెల్లు చెక్కినా. ఒక్క ఉలి దెబ్బ తప్పుగా పడనిస్తినా?”

ఆమె చేతులు తీసేసింది. తిరుగు బస్సులో సంచి తెరిచి చూడలేదు. చూసేందుకు ఏముంది. ‘చేస్తా’ అన్న ఆ మాట చెవిలో రాతిముక్కలా కూర్చుంది.

ఫోను రాలేదు. ఆదివారం వచ్చింది.

చర్చి నుంచి వచ్చి బట్టలైనా మార్చుకోకుండా ఫోను ముందు కూర్చుంది. మహేశ్వర్ చాలాసేపు మాట్లాడాడు. నంద్యాలలో ఒక టీచరమ్మ ఉండేదని, ఆమె క్యాసెట్ ఇప్పుడు ఒక్కటే మిగిలిందని, ఇట్లాంటి ఆల్బములు మన ఊళ్లల్లో బీరువాల్లో ఎన్ని నిద్రపోతున్నాయోనని. “లూదియమ్మ గొంతు ఇనండి. రాతిలోంచి నీళ్లూరినట్టు ఉంటాది” అన్నాడు. పాట మొదలైంది. ముందు మాటలు లేవు. వాయిద్యం, వెంటనే పాట. హైదరాబాదు ఆమె పాడింది. ఇంకొకటి వేశాడు. దానికి ముందు కూడా ఏమీ లేదు.

కింద జనం రాస్తూ ఉన్నారు. లూదియమ్మకు వందనాలు. ఏం గొంతమ్మా నీది.

సాయంత్రం ప్రసన్న చంకలో కుట్టిన జాకెట్లతో గడప దగ్గర నిలబడింది. “పెద్దమ్మా, మన లూదియా ఆంటీ ఇంత బాగా పాడేదా? నేనెప్పుడూ ఇనలేదే.”

“అది లూదియా కాదు.”

“ఆ?”

“లూదియా యాడా లేదు దాంట్లో.”

ప్రసన్న జాకెట్లు మంచం మీద పెట్టి, ఫోను తీసి నంబరు కలిపి ఆమె చేతికిచ్చింది. “ఆ ముక్క నాకు కాదు, ఆయప్పకు చెప్పు.”

మహేశ్వర్ సంతోషంగా ఉన్నాడు. “అవ్వా, సూస్తివా? శానామంది ఇంటాండారు.”

“పాడింది మా చెల్లెలు కాదప్పా.”

“మరి ఎవరు?”

“ఎవరో. పేరు లూదియాకే తెలుసు. పాటకు ముందర మాట్లాడింది చూడు, అది మా చెల్లెలు. ఆ మాటలు యాడ?”

“అవి... అవి తీసేస్తి అవ్వా. పాటకు అడ్డమొస్తాండాయని. కాగితం చూసి చదివినట్టు ఉంటే, సరిగ్గా ఇనకనే స్టూడియోలో ఎవరో అనుకుంటి.”

“క్యాసెట్ ఉంది కదా?”

అటు గ్రైండరు మోత లేదు. ఆదివారం.

“రీలు చుట్టుకుపాయె అవ్వా. తిప్పేటప్పుడు లోపలంతా నలిగిపోయినాది. పాటలు అప్పటికే ఎక్కించినా కదాని... నీకెట్ల చెప్పల్లనో తెలీక ఫోన్ చేయలేదు.”

అరుణకుమారికి కోపం రాలేదు. కాళ్ల కింద గచ్చు చల్లగా ఉన్నట్టు తెలుస్తోంది, అంతే. ప్రసన్న ఆమె ముఖం వైపు చూస్తోంది.

“నాయనా” అంది. గొంతు మామూలుగానే ఉంది. “నువ్వు పాటకు ముందర అంతసేపు మాట్లాడతావే. నేను నీ మాటలే ఇంటా. పాట వస్తే లేసి పోతా. మా లూదియా రెండు మాటలు మాట్లాడితే నీకు అడ్డమొచ్చెనా?”

“ఉండు” అన్నాడు అతను. “తీసేసిన ముక్కలు పడే చెత్తబుట్ట కంప్యూటర్లో ఉంటాది. ఖాళీ చేసినానో లేదో తెల్దు. సూసి చెప్తా.”

“ఫోన్ చేస్తావా?”

“చేస్తా అవ్వా. ఈసారి చేస్తా.”

ప్రసన్న వెళ్లలేదు. ఇద్దరూ టీ తాగారు. అరుణకుమారి గ్యాసు కట్టేసి వచ్చి, మళ్లీ లేచి చూసి వచ్చింది. బయట వీధిలో పాలబండి పోయింది. దీపాలు పెట్టే వేళకు ఫోను మోగింది.

“దొరికినాయి అవ్వా. ఒకటి రొండు తెగిపోయినాయి, తక్కినవి ఉండాయి. అన్నీ ఒకదాని ఎనక ఒకటి అతికించి పంపుతాండా. మళ్లా వీడియో పెట్టి తప్పు చెప్తా. పాడినామె పేరు తెల్దు, రాసింది, మాట్లాడింది లూదియమ్మ అని. ఈ మాటలు కూడా పెట్టమంటావా?”

“ముందు నన్ను ఇననీ.”

అతను పంపిన దాన్ని ప్రసన్న తెరిచి, గుండ్రటి గుర్తు ఎక్కడ నొక్కాలో చూపించి, జాకెట్లు తీసుకుని తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

అరుణకుమారి ఫోనును బల్ల మీద, లూదియా అల్లిన గుడ్డ మీద పెట్టి నొక్కింది.

మొదట గాలి శబ్దం. తర్వాత ఒక గొంతు. కొంచెం బొంగురు, ముక్కులోంచి వచ్చినట్టు, పిల్లలకు చెప్పినట్టు ఒక్కో మాటా విడివిడిగా. “ఇప్పుడు మీరు వినబోయే పాట, కుందూలో నీళ్లు తగ్గినప్పుడు రాసుకున్నది. మా అక్క బట్టలు ఉతుకుతూ ఉంటే నేను గట్టు మీద కూసోని...” ఊరిమాట నోట్లోకి రాకుండా జాగ్రత్త పడుతోంది. అయినా ‘కూసోని’ అనే చోట జారింది.

అవును, ఇట్లా ఉండేది. అరుణకుమారి తల ఊపింది, ఎవరో చిరునామా సరిగ్గా చెప్పినప్పుడు ఊపినట్టు.

పాట రాలేదు. ఆగి, ఇంకొక మాట మొదలైంది. “ఇప్పుడు మీరు వినబోయే పాట, జ్వరంలో ఉన్నప్పుడు...” ఆ పాట కూడా రాలేదు. రాని పాటలను ఒకదాని తర్వాత ఒకటి వినమని చెప్తూనే ఉంది లూదియా. ప్రతిదీ బాగుంటుందని నమ్మకంగా చెప్తోంది. అరుణకుమారి పొయ్యి దగ్గరకు లేచి పోలేదు.

కొంతసేపటికి ఆ గొంతు, “ఈ వైపు అయిపోయింది. క్యాసెట్ తిప్పి పెట్టుకోండి. ఆ వైపు మళ్లీ కలుద్దాం” అంది.

అరుణకుమారి చెయ్యి చాచి ఫోనును బోర్లా తిప్పి పెట్టింది.

కాస్త ఆగి, బోర్లించిన ఫోనులోంచి, గుడ్డకు ఆని అణిగిన గొంతుతో లూదియా మళ్లీ మొదలుపెట్టింది.