పెట్టుడు పన్ను

నేను ఒక కుంచెను. సున్నా నంబరు. నా మొనలో నలభై వెంట్రుకలుంటాయి. అవి ఏ జంతువువో నన్ను కట్టినవాడు చెప్పలేదు. జగిత్యాలలో ఫోటో స్టూడియో నడిపిన నరహరి సారు నన్ను కొన్నారు. బొమ్మలు వేయడానికి కాదు, టచింగ్‌కు. ఫోటోలో దుమ్ము వల్ల తెల్లచుక్క వస్తే, నన్ను పెదాల మధ్య పెట్టి మొన తీసి, సాసరులో ఎండిన నల్లరంగుకు తాకించి, ఆ చుక్కను కప్పేవారు.

జనం చుక్కలతో ఆగలేదు. మెల్లకన్ను సరిచేయమన్నారు. బట్టతల మీద జుట్టు పెట్టమన్నారు. చనిపోయినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి తీసిన ఫోటోలు తెచ్చి, కళ్లు తెరిపించమన్నారు. తెరిపించాం. ఇరవై రెండేళ్లలో, నా మొహం నాలాగే ఉండనీ అన్నవాళ్లు ఒక్కరూ రాలేదు.

పుష్పలీల అనే అమ్మాయి సారు దగ్గరే పని నేర్చుకుంది. ఆయన చూపు తగ్గాక నన్ను ఆమెకు ఇచ్చారు. ఆమె స్టూడియో వదిలి, బీడీలు చుట్టే ఆడవాళ్ల ఫోటోలు తీస్తూ ఊళ్లు తిరిగింది. నాతో దుమ్ముచుక్కలు కప్పించింది తప్ప మొహాల జోలికి పోనివ్వలేదు. పని తగ్గిందని నేను కొన్నాళ్లు అలిగాను కూడా.

కిందటి నవంబరులో ఆమె ముప్పై ఏళ్ల పనిని హైదరాబాదులో ఒక గ్యాలరీ ప్రదర్శనకు పెట్టింది. నూట పన్నెండు ఫోటోలు. గుమ్మానికి ఎదురుగా ఒక గాజుపెట్టెలో ఆమె మొదటి కెమెరా, రంగు సాసరు, నేను. గుమ్మం పక్కన మూడడుగుల పోస్టరు. అందులో బీడీలు చుట్టే ఓదెమ్మ నవ్వుతోంది.

మొదటిరోజు పదకొండు గంటలకు ఓదెమ్మే వచ్చింది. ఇప్పుడామెకు డెబ్బై. వాడకట్టు ఆడవాళ్లు నలుగురు వెంట ఉన్నారు. లోపలికి రాకుండా పోస్టరు ముందే ఆగింది.

"లీలమ్మా, గీ పన్ను ఎవలిది?"

పుష్పలీల బయటికి వచ్చి చూసింది. ఆమె తీసిన ఫోటోలో ఓదెమ్మకు ముందు పన్ను లేదు. పోస్టరులో ఉంది.

"నేను పెట్టలేదు అక్కా," అంది.

"నాకు తెల్వకుంట నా నోట్లె పన్ను మొలిసిందా? మేం సారా దుకాణం మూయించిన నాడు కాంట్రాక్టరు మనిషి కట్టెతోని కొడితె పోయింది గది. పదిమంది ఉరికిన్రు, నేను ఉరకలే. గా సందు నా కష్టార్జితం."

"నువ్వు పన్ను కట్టిచ్చుకున్నవని మా కోడలు అనుకుంటది," అంది వెంట వచ్చినామె.

"అనుకోదా మరి. దెబ్బ తిన్నది అబద్ధమనిగూడ అంటది."

ప్రదర్శన నిర్వాహకుడు శ్రీకర్ వచ్చాడు. "లోపలి ఫోటో అలాగే ఉంది మేడమ్. ఇది పోస్టరు కదా, చూడ్డానికి బాగుండాలని కంప్యూటరులో చిన్న టచింగ్ చేయించాం. సాయంత్రం మంత్రిగారు వస్తున్నారు. రేపు మార్పిద్దాం."

టచింగ్ అన్న మాట నా వృత్తి పేరు. దాన్ని విని సిగ్గుపడ్డది ఆ రోజే.

"రేపటిదాకా ఆమెను అట్లనే నిలబెడతవా?" అంది పుష్పలీల. గాజుపెట్టె తాళం అడిగింది. శ్రీకర్ ఇవ్వలేదు. నలుగురు ఆడవాళ్లు అతని చుట్టూ నిలబడ్డారు. ఒకామె కొంగు నడుముకు చుట్టింది. తాళం వచ్చింది.

పుష్పలీల నన్ను తీసి, సారులాగే పెదాల మధ్య పెట్టి మొన తీసింది. సాసరులో రంగు ఎండిపోయి ఉంది. ఉమ్మితో తడిపింది. పోస్టరులో పన్ను బొటనవేలి గోరంత. నా కొలతకు అది తలుపంత. పూర్తిగా నల్లబడడానికి పావుగంట పట్టింది.

ఓదెమ్మ నాలుకతో తన సందును తడుముకుంది. పోస్టరులోని సందును చూసింది.

"ఆఁ. గిది నేను," అంది.

ఆహ్వాన పత్రాల మీద కూడా ఆ పన్నే ఉంది. నలుగురూ తమ కార్డులు చాచారు. మూడో కార్డుతో రంగు అయిపోయింది. నాలుగో ఆమె శ్రీకర్ జేబులోంచి పెన్ను లాక్కుని తనే పూసుకుంది.

సాయంత్రం మంత్రి ఆ పోస్టరు పక్కనే నిలబడి ఫోటో దిగారు. నన్ను మళ్లీ గాజుపెట్టెలో పెట్టారు, కడగకుండా. నరహరి సారు చూస్తే తిట్టేవారు. నలభై వెంట్రుకలూ అతుక్కుని మేకులా బిగుసుకున్నాయి. ఇక నాతో ఎవరి మొహాన్నీ సరిచేయించలేరు.