మేనత్త ఇల్లు, ఆదివారం పాట

మా చర్చి పక్కనున్న రెండు గదుల ఇల్లు పాస్టరుగారిది కాదు, మాదీ కాదు. ట్రస్టుది. దానికి ముగ్గురు ట్రస్టీలు. ఇంటిని కంటికి రెప్పలా చూసుకోవాలి, సున్నం వేయించాలి, పన్ను కట్టాలి. సొంతానికి మాత్రం గోడకున్న మేకు కూడా పీక్కెళ్లకూడదు. ఇంత గొప్ప హోదా దక్కినందుకు ముగ్గురూ విజిటింగ్ కార్డులు కొట్టించుకున్నారు.

ఆ ఇల్లు ఇచ్చిన ముసలావిడ దస్తావేజులో ఒక షరతు పెట్టి కన్నుమూసింది. ప్రతి ఆదివారం సాయంత్రం ముందు గదిలో కనీసం ఇద్దరు కలిసి ఒక పాట మొదటి నుంచి చివరిదాకా పాడాలి. ఒక్క ఆదివారం తప్పినా ఇల్లు ఆవిడ మేనల్లుడికి పోతుంది.

అందుకని మేనల్లుడు ప్రతివారం భార్యతో సహా వచ్చి వెనక కుర్చీలో కూర్చునేవాడు. భక్తితో అని ఎవరం పొరబడలేదు. భార్య అప్పటికే టేపుతో కిటికీలు కొలిచి కర్టెన్లు కుట్టించేసింది. ఆయన మాత్రం పాట అయ్యేదాకా పళ్లు కొరుక్కునేవాడు. ఇల్లు దక్కనందుకు కాదు, మేం శ్రుతి తప్పినందుకు.

ఒక శనివారం మా పాటల టీచరమ్మ కూతురి పెళ్లయింది. చర్చి మొత్తం వెళ్లింది. ఇంటి మీద కన్నేసినవాళ్లకి పిలుపెందుకని మేనల్లుణ్ని పిలవలేదు. ఐస్‌క్రీమ్ ఎంత తిన్నా అడిగేవాళ్లు లేరు. ఊరికే వస్తున్నదాన్ని వద్దనడం మా ఇళ్లలో ఎవరికీ నేర్పలేదు. మర్నాడు అందరి గొంతులూ పోయాయి. పాస్టరుగారి ప్రసంగం ఆ వారం చాలా చిన్నదిగా జరిగింది. అందరూ బాగుందని సైగ చేశారు.

సాయంత్రానికి గొంతు మిగిలింది ట్రస్టీల్లో ఒకరైన ప్లీడరుగారికే. ఆయనకి షుగరు. సంగీతం ఆ వంశంలోనే లేదు. రెండో గొంతు మాకు లేదు. గుసగుసగానైనా కలుపుతామన్నాం.

"గుసగుసలు పాట కిందికి రావండీ," అన్నాడు మేనల్లుడు.

"తెలుసులేవయ్యా. దస్తావేజు రాసింది నేనే," అంటూ ప్లీడరుగారు లేచి మొదలుపెట్టారు. వీధిలో ఎవరో స్కూటర్ ఆపి, మళ్లీ స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయారు.

మేనల్లుడు కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. చెవులు మూసుకున్నాడు. చివరికి లేచి నిలబడ్డాడు.

"అయ్యా, అక్కడ పైకి వెళ్లాలి."

"ఇంతకంటే పైకంటే ఆస్పత్రికే."

"ఇలా కాదు. మొదట్నుంచి పట్టండి, నాతో పాటు."

పట్టారు. మేనల్లుడి గొంతు నిండుగా, తేటగా గదంతా పరుచుకుంది. ప్లీడరుగారు ఆయన వేలు పట్టుకుని రోడ్డు దాటుతున్నట్టు వెనకే నడిచారు. భార్య చొక్కా పట్టి లాగింది.

"ఏమండీ, ఇల్లు."

"ఉండవే, చరణం మధ్యలో ఆపకూడదు."

పాట చివరిదాకా వెళ్లింది. గొంతులు లేని జనం కాబట్టి బల్లలు చరిచారు. టీచరమ్మ కళ్లు తుడుచుకుంది. మేనల్లుడికి అప్పుడు విషయం వెలిగింది. నెమ్మదిగా భార్య వైపు తిరిగాడు.

"మూడో చరణం బాగా వచ్చింది కదా?" అన్నాడు.

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. తర్వాత నవ్వు మొదలై, కుర్చీ పట్టుకోవాల్సి వచ్చింది.

"వచ్చింది. ఇంట్లో బాత్రూములో పాడితే పక్కవాళ్లు గోడ కొడతారు. ఇక్కడ పాడి ఇల్లే పోగొట్టారు మహానుభావా."

మరుసటి ఆదివారం ఆవిడే కర్టెన్లు తెచ్చింది.

"ట్రస్టుకి ఇస్తున్నానండీ. మా కిటికీలకి పట్టవు. కానీ ఒక షరతు."

ప్లీడరుగారు అలవాటు కొద్దీ పెన్ను తీశారు.

"ప్రతి ఆదివారం ఈయన ఇక్కడే పాడాలి. ఒక్కవారం తప్పినా కర్టెన్లు నాకు వెనక్కి."

మేనల్లుడు ఇప్పటిదాకా ఒక్కవారం తప్పలేదు. ఆవిడా తప్పలేదు. వెనక కుర్చీలోనే కూర్చుంటుంది, సంచిలో టేపుతో సహా.