కారు ఎప్పుడు మారుస్తావు నాన్నా

రెండు వారాలకొక శనివారం పొద్దున తొమ్మిదింటికి శ్రీహర్ష అల్ఫారెట్టా ఊళ్ళో గిరిజ ఇంటి ముందు కారు ఆపి, హారన్ కొట్టకుండా కూర్చునేవాడు. విడాకులై ఆరేళ్ళయినా ఆ ఇంటి బెల్లు నొక్కడానికి అతనికి చెయ్యి రాలేదు. పదిహేనేళ్ళ కూతురు నిధి తనే బయటికొచ్చి, తండ్రిని పక్క సీట్లోకి తరిమి, స్టీరింగ్ ముందు కూర్చునేది.

పదహారేళ్ళకి లైసెన్స్ చేతికి రావాలంటే పెద్దవాళ్ళెవరైనా పక్కన ఉండగా నలభై గంటలు నడపాలి. నడిపిందని చివర్లో తల్లో తండ్రో సంతకం పెట్టాలి. ఆ గంటలు రాయడానికి శ్రీహర్ష ఒక చిన్న నోటుబుక్కు కొన్నాడు. ఆఫీసులో నాలుగు లైన్ల మెయిల్ రాయడానికి బద్ధకించే మనిషి, ఇందులో మాత్రం ‘సిగ్నల్ వేయడం మరిచింది, ఉడత అడ్డొస్తే చక్కగా ఆగింది’ అని కూడా రాసేవాడు.

ఆ కారు పద్నాలుగేళ్ళ కరోలా. ఏసీ చచ్చిపోయి రెండు వేసవులైంది. పక్క సీటు అద్దం కిందికి దిగదు.

“కారు ఎప్పుడు మారుస్తావు నాన్నా? ఇది బేసిక్‌గా ఓవెన్.”

“నీకన్నా ఒక్క ఏడాదే చిన్నది. నిన్ను మార్చానా?”

ఇద్దరూ ప్రతిసారీ ఇవే మాటలు అనుకునేవారు, ప్రతిసారీ నవ్వుకునేవారు. కారు ఎందుకు మారదో నిధికి తెలియకపోలేదు. అతని జీతంలోంచి కూతురి పోషణకిచ్చే చైల్డ్ సపోర్ట్ ముందే కోసి గిరిజకి పంపేస్తారు. మిగిలిన దాంట్లో ఒక ఇంటి కింద బేస్‌మెంట్ గదికి అద్దె కట్టి, సొంతూళ్ళో తల్లి మందులకి పంపి, తక్కినదానితో నెల గడపాలి. అయినా ఆరేళ్ళలో ఒక్క నెల ఆగలేదు. జీతం కాగితంలో ఆ కోత చూస్తే వేరేవాళ్ళకి కడుపు మండుతుందేమో గానీ, శ్రీహర్షకి మాత్రం తానింకా ఒక పిల్లకి తండ్రినని చెప్పే పద్దు అది. దాన్ని చూసుకుని గర్వపడేవాడు పిచ్చివాడు.

ఏప్రిల్‌లో ఒక శనివారం, నిధికి బదులు గిరిజ రెండో భర్త రామమోహన్ బయటికొచ్చాడు. మెత్తటి మనిషి. నాలుగేళ్ళ క్రితం పెళ్ళి, మొన్న జనవరిలో సిటిజన్ అయ్యాడు.

“శ్రీహర్ష గారూ, ఒక్కసారి లోపలికి రండి. నిధి విషయం మాట్లాడాలి.”

విషయం చిన్నదేం కాదు. నిధి పుట్టింది హైదరాబాద్‌లో. మూడేళ్ళప్పుడు వచ్చి తల్లి వీసా మీద డిపెండెంట్‌గా ఉంటోంది. ఇరవై ఒకటి నిండితే ఆ నీడ పోతుంది. తెలుగు కూడా సరిగ్గా పలకలేని పిల్ల, ముఖం తెలియని దేశానికి తిరిగి వెళ్ళాలి. దీనికి దారి చెప్పినవాడు వీరాంజనేయులు. ఆ చుట్టుపక్కల, తలా ఒక వంటకం తెచ్చుకుని తినే ఏ పాట్‌లక్‌లోనైనా పులిహోర ట్రే పక్కన నిలబడి అందరి వీసాలూ ఉచితంగా చక్కబెట్టే పెద్దమనిషి ఆయన. ఫీజు తీసుకునే లాయర్ మాట మీద మనవాళ్ళకి అనుమానం ఉంటుంది గానీ, ఫ్రీగా చెప్పేవాడి మాట వేదం. రామమోహన్ ఆయన్ని స్పీకర్‌ఫోన్‌లో పెట్టాడు.

“గ్రీన్ కార్డ్‌కి అదే బాబూ రూల్. సిటిజన్ అడాప్ట్ చేసుకోవాల, పాపకి పదహారు నిండకముందే అయిపోవాల. ఒక్కరోజు లేటైనా పనికిరాదు. మా ఆఫీసులో ఒకాయనకి ఇలాగే అయితే కళ్ళారా చూశా.”

నిధికి సెప్టెంబర్‌లో పదహారు నిండుతాయి.

“నిన్ను అడగడానికి నాకు మొహం లేదు హర్షా,” అంది గిరిజ తల వంచుకుని. “కానీ దాని లైఫ్ కదా.”

దత్తత కేసులు చూసే లాయర్ అంతా వివరంగా చెప్పాడు. తండ్రి హక్కులన్నీ వదులుకోవాలి. ఆ తర్వాత పిల్లని చూడటం కూడా వాళ్ళు చూడనిస్తేనే. సపోర్ట్ కట్టనక్కర్లేదు. తండ్రి ఊరికే వదిలేస్తానంటే కోర్టు ఒప్పుకోదు, ఆ భారం మోయడానికి ఇంకో తండ్రి వస్తున్నాడు కాబట్టి ఒప్పుకుంటుంది. అడిగినదానికల్లా ఆయన సరిగ్గానే జవాబిచ్చాడు. గ్రీన్ కార్డ్‌కి అసలు దత్తత కావాలా అని మాత్రం ఆయన్ని ఎవరూ అడగలేదు.

ఇంకో చిక్కు వచ్చిపడింది. పద్నాలుగు దాటిన పిల్ల తనూ సంతకం పెట్టాలి. నిధి పెట్టనంది. మూడు వారాలు తల్లితో మాట్లాడలేదు. చివరికి ఆ పనీ శ్రీహర్ష నెత్తినే పడింది.

మే నెలలో, గుడి పార్కింగ్ లాట్‌లో రివర్స్ నేర్చుకుంటూ నిధి కారు ఆపేసింది.

“నాన్నా, నిజం చెప్పు. నువ్వు వాంట్ చేస్తున్నావా ఇది?”

లేదని చెబితే సంతకం పెట్టదు. నీ కోసమే అని చెప్పినా పెట్టదు, ఆ పిల్ల మొండితనం ఎవరి పోలికో అతనికి తెలుసు. తన మీద కోపం వస్తేనే పెడుతుంది. కిందికి దిగని అద్దం వైపు చూస్తూ అన్నాడు.

“అవునమ్మా. సపోర్ట్ కట్టక్కర్లేదు. నాకూ కొంచెం ఈజీ అవుతుంది.”

నిధి అద్దంలో వెనక్కి చూసింది. ఆ తర్వాత గేర్ మార్చి, తెల్లగీతల మధ్య కారుని సరిగ్గా పెట్టింది.

“ఓకే నాన్నా. సైన్ చేస్తా.”

ఆ రోజు నోటుబుక్కులో ‘రివర్స్ బాగా వచ్చింది’ అని రాశాడు. ఇంటికెళ్ళి స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చాడు.

అతను సంతకం పెట్టాక, మనసు మార్చుకోవడానికి నాలుగు రోజుల గడువు ఇచ్చారు. ఆ నాలుగు రోజులూ ఎవరైనా వద్దంటారేమోనని ఫోన్ పక్కనే పెట్టుకున్నాడు. ఎవరూ అనలేదు.

ఆగస్టులో కోర్టు ఆర్డర్ వచ్చింది. సెప్టెంబర్ జీతం కాగితంలో ఆ పద్దు లేదు. చేతికి ఎక్కువ డబ్బు వచ్చిన రోజు ఏ ఉద్యోగీ అంతగా ఏడ్చి ఉండడు. ఆ మొత్తాన్ని ముట్టుకోబుద్ధి కాక, వేరే అకౌంట్‌లో వేసి ఊరుకున్నాడు. నెలకి రెండు శనివారాలు కాస్తా ఒకటయ్యాయి. కుండకైతే మూత వేయొచ్చు, లోకం నోటికి మూత ఎక్కడ దొరుకుతుంది? సపోర్ట్ ఎగ్గొట్టడానికి కన్నకూతుర్ని వదిలేశాడన్న మాట పాట్‌లక్‌ల చుట్టూ తిరిగి అతని చెవిదాకా వచ్చింది. అందరికంటే ఎక్కువ నొచ్చుకున్నది వీరాంజనేయులుగారే. తన సలహా సంగతి ఆయన మరిచిపోయాడు.

అక్టోబర్‌లో ఒక సాయంత్రం రామమోహన్ బేస్‌మెంట్ తలుపు తట్టాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“గ్రీన్ కార్డ్ పేపర్లకి ఇమిగ్రేషన్ లాయర్ దగ్గరికి వెళ్ళామండీ. ఆవిడ అడాప్షన్ ఎందుకు చేశారని అడిగింది. మా పెళ్ళినాటికి నిధికి పద్దెనిమిది నిండలేదు కాబట్టి, స్టెప్‌డాటర్‌గానే, అంటే గిరిజ కూతురిగానే, ఫైల్ చేసుండొచ్చట. మ్యారేజ్ సర్టిఫికెట్ చాలట.” అతను నేల వైపు చూస్తూ అన్నాడు. “పదహారు అన్నది ఉత్త అడాప్షన్ కేసులకట. మిమ్మల్ని… అనవసరంగా…”

“వెనక్కి తీసుకోవడం కుదరదా?”

“అడిగాను. లేదన్నారు.”

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? రామమోహన్ రెండు చేతులూ పట్టుకుని క్షమించమన్నాడు. శ్రీహర్షకి అతని మీద కోపం కూడా రాలేదు. ఒక్కటే అనుకున్నాడు, నిధికి చెప్పేయాలి. డబ్బు కోసం కాదనీ, ఆ రోజు అబద్ధం ఆడాననీ, అసలు ఇదంతా అక్కర్లేకపోయిందనీ చెప్పేయాలి. కన్నకూతురి దృష్టిలోనైనా తను తండ్రిగా నిలబడాలి.

“ఇంకా నిధికి చెప్పలేదండీ,” అన్నాడు రామమోహన్ వెళ్తూ. “ఎలా చెప్పాలో తెలియట్లేదు.”

“నేను చెప్తాను,” అన్నాడు శ్రీహర్ష.

ఆ శనివారం నిధి నలభయ్యో గంట నడుపుతోంది. ఎండ ఇంకా తగ్గలేదు. లైబ్రరీ ముందు ఎర్రదీపం దగ్గర ఆగాక, స్టీరింగ్ మీద వేళ్ళు ఆడిస్తూ ఆ పాత ప్రశ్నే అడిగింది. ఈసారి నవ్వలేదు.

“కారు ఎప్పుడు మారుస్తావు నాన్నా?”

“అదే చెప్పబోతున్నానమ్మా. ఆ డబ్బు సంగతి…”

“నో, ముందు నేను చెప్తా.” ఆమె కళ్ళు దీపం మీదే ఉన్నాయి. “నువ్వు ఈజీ అవుతుంది అన్నావు చూడు, అందుకే సైన్ చేశాను. మామ్ గ్రీన్ కార్డ్, గ్రీన్ కార్డ్ అంటే నేను కేర్ చేయలేదు. కానీ నువ్వు ఆ బేస్‌మెంట్‌లో ఉంటావు, ఈ కార్‌లో చెమటలో వస్తావు. అంతా నా వల్లే కదా. నేను పేపర్ మీద నీ డాటర్ కాకపోతే నీకు మనీ ఉంటుంది. ఐ వాంటెడ్ టు గివ్ యూ సమ్‌థింగ్. మరి ఎందుకు మార్చలేదు?”

దీపం పచ్చగా మారింది. వెనక కారు హారన్ కొట్టింది.

“పోనీయ్ తల్లీ, గ్రీన్ వచ్చింది,” అన్నాడు శ్రీహర్ష. అదంతా అక్కర్లేకపోయిందని ఈ పిల్లకి ఇప్పుడు ఎలా చెప్తాడు? “మారుస్తాను. ఈ నెలలోనే.”

“ప్రామిస్?”

“ప్రామిస్.”

ఇంటి ముందు కారు ఆగాక, అలవాటుగా నోటుబుక్కు తీసి గంటలు లెక్క వేశాడు. నలభై నిండాయి. అన్నీ అతని చేతిరాతే. నిధి బ్యాగ్‌లోంచి లైసెన్స్ ఫారం తీసింది. తండ్రి అన్నచోట రామమోహన్ సంతకం అప్పటికే ఉంది. గంటల అంకెలు వేయడానికి ఆమె పెన్ను అందించింది, అతను వేసి ఇచ్చాడు. ఆమె లోపలికి వెళ్ళేదాకా చూసి, ఫోన్ తీసి రామమోహన్‌కి మెసేజ్ పెట్టాడు. ‘లాయర్ చెప్పిన మాట నిధికి ఎప్పటికీ తెలియనివ్వకండి.’

నెలాఖరుకి, ఆ వేరే అకౌంట్‌లోని డబ్బు డౌన్ పేమెంట్‌గా కట్టి, తనకి ఏ మాత్రం అక్కర్లేని నీలంరంగు కారు కొన్నాడు. గుడి పార్కింగ్ లాట్‌లో దాన్ని చూసి వీరాంజనేయులు పక్కాయన చెవిలో అన్నాడు.

“చూశావా? కూతుర్ని వదిలించుకున్నాడు, కారు కొన్నాడు.”

ఆ మాట శ్రీహర్షకి వినపడింది. అతను వెనక్కి తిరగలేదు. కారు ముందు నిలబడి ఫొటో తీసుకుని, నిధికి పంపాడు.